నాలుగో నంబర్ కౌంటర్

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే వాట్సాప్ మోగింది.

షాహీన్ ఫోటో. కింద "శ్రద్ధాంజలి ఫ్లెక్స్, ఆరు బై నాలుగు, అర్జెంట్" అని ఉంది. పంపింది తనతో డ్యూటీ చేసే సిస్టర్.

నేను నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి, "ఈసారి దొరకను, షాహీన్‌ను పోయి పని చూసుకొమ్మను" అని రిప్లై కొట్టాను. ఎందుకంటే షాహీన్‌కూ నాకూ మధ్య ముప్పై ఏళ్లుగా నడుస్తున్నది ఈ ఆటపట్టించుకోవడమే.

రెండు నిమిషాలకు ఆ సిస్టర్ ఫోన్ చేసి ఏడ్చింది. తెల్లవారుజామున గుండెపోటు.

ఆ నవ్వే బొమ్మలు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి. డిలీట్ చేయడానికి చెయ్యి రావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. షాహీన్, నేను లక్సెట్టిపేట బడిలో ఒకటే క్లాసు. నేను టెన్త్ మూడుసార్లు రాసి, చివరికి పరీక్షకే నా మీద విసుగొచ్చాక ఫ్లెక్సుల షాపు పెట్టినవాణ్ని. తను నర్సింగ్ చదివి కరీంనగర్‌లో ఒక దవాఖానలో క్యాజువాలిటీ సిస్టర్ అయింది.

తొమ్మిదో క్లాసులో ఒకరోజు, లెక్కల సారు గుండ్రని స్కేలు తెమ్మన్నాడని చెప్పి తనను పంపించాను. పాపం, ఐదు క్లాసులు తిరిగి అడిగింది. బడంతా నవ్వింది.

తను ఏడవలేదు. "యాద్ పెట్టుకుంట, సదా" అని నా పేరు పెట్టి అంది, అంతే.

పెట్టుకుంది.

నాలుగేళ్ల కింద మాట. మా బిడ్డ అఖిలకు అప్పుడు పదమూడేళ్లు. ఊరికే కడుపునొప్పి అనేది. పరీక్షలు చేయిస్తే ఏమీ దొరికేది కాదు. నేను దానికి "డ్రామా కంపెనీ" అని పేరు పెట్టాను. మెలికలు తిరుగుతుంటే వీడియో తీసి స్టేటస్ పెట్టాను.

మీలో చాలామంది నవ్వారు కూడా. నాకు గుర్తుంది.

ఒకే నెలలో మూడోసారి, మధ్యాహ్నం బడి నుంచే ఫోన్ వచ్చింది. షాహీన్ ఉన్న దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ చూశాడు, సూది వేశారు. నేను అక్కడ కూడా బిడ్డ మీద జోకులేసి వార్డంతా నవ్విస్తున్నాను. కాసేపు బయట కూర్చోమంటే వినలేదు.

షాహీన్ నా చేతిలో ఒక చీటీ పెట్టింది. "నాలుగో నంబర్ కౌంటర్ల ముద్ర కొట్టించుకొని రా పో, జర జల్ది."

పోయాను. ఒకటి ఉంది, రెండు ఉంది, మూడు ఉంది. తర్వాత గోడ.

మూడో కౌంటర్ వాడు మేడ మీద అన్నాడు. మేడ మీద వాళ్లు వెనక బిల్డింగ్ అన్నారు. వెనక వాచ్‌మన్ చీటీ చూసి, నవ్వు ఆపుకుంటూ, షాహీన్ సిస్టర్ పంపిందా అని అడిగాడు.

అప్పుడు వెలిగింది. గుండ్రని స్కేలు.

ఒప్పుకోవాలి, మంచి దెబ్బ. తిడదామని నవ్వుకుంటూ తిరిగి వచ్చాను.

మంచం చుట్టూ తెర వేసి ఉంది. షాహీన్ తెర బయట నిలబడి ఉంది. నవ్వడం లేదు.

తన పద్ధతి నాకు అప్పుడే తెలిసింది. పదేళ్లు దాటిన పిల్లలు ఎవరొచ్చినా, కాలు విరిగినా, కుక్క కరిచినా, తల్లిదండ్రులను బయటికి పంపి కాసేపు ఒక్కరితోనే మాట్లాడేది. నిద్ర పడుతోందా. ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరైనా బాధపెడుతున్నారా. బతకాలని లేదు అని ఎప్పుడైనా అనిపించిందా. జ్వరం ఉందా అని అడిగినట్టే, నేరుగా అడిగేది.

పొమ్మంటే పోని నాలాంటి వాళ్ల కోసం ఆ నాలుగో కౌంటర్. దవాఖానలో అందరికీ తెలుసు.

"నీ బిడ్డ ఒక మాట చెప్పింది. నీకు చెప్పుమనే అన్నది. కని నువ్వు నవ్వనని ఒట్టేస్తెనే."

ఒట్టు వేశాను.

"బతకబుద్ధి అయితలేదంట సదా. రెండు నెలల సంది. బడిల పోరగాండ్లు డ్రామా కంపెనీ అనుకుంట ఎంటవడ్తుండ్రట. మరి బాపుకెందుకు చెప్పలేదు బిడ్డా అంటే, బాపు గది గూడ జోక్ చేస్తడు అన్నది."

చేతిలో ఉన్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పరేషాన్ గాకు. నోరు తెరిచి చెప్పింది, గదే సగం. పోయి పక్కన కూసో. ఏం మాట్లాడకు" అంది.

తెర లోపలికి పోయాను. అఖిల నా మొహం వైపు చూసింది. నేను నవ్వుతానేమో అని చూసింది.

ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ సాయంత్రమే షాహీన్ దగ్గరుండి పిల్లల మనసు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. తర్వాత నెలల తరబడి తిరిగాం. వీడియో తీసేశాను. బడికి పోయి సార్లతో మాట్లాడాను. షాహీన్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. నేను ఎత్తితే, "నీతోని పనిలేదు, బిడ్డకియ్యి" అనేది.

అఖిల ఇప్పుడు ఇంటర్ సెకండియర్. ఇంట్లో నాకంటే అదే ఎక్కువ నవ్విస్తుంది.

మీ పిల్లలకు కూడా ఊరికే ఎక్కడో నొస్తుంటే, ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఫోన్ పక్కన పెట్టి అడగండి.

ఈ పోస్ట్ మా బిడ్డ చదివి సరే అన్నాకే పెడుతున్నాను. ఒక జోక్ బాగాలేదు, తీసెయ్ బాపు అంది. తీసేశాను.

నిన్న లక్సెట్టిపేటలో షాహీన్ మీద మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను. ఫ్లెక్స్ మీద ఫోటో వద్దని తన తమ్ముడు అన్నాడు. పేరు మాత్రమే వేశాను. కింద చిన్న అక్షరాల్లో "నాలుగో నంబర్ కౌంటర్" అని వేశాను. ఆర్డర్‌లో అది లేదు.

సిస్టర్లు చూశారు. తీసుకుపోయి ఆ తెర పక్కనే కట్టారు.

షాహీన్, నువ్వు పోయిన చోట నిన్ను ఏ కౌంటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా లోపలికి పిలవాలి. నిమ్మళంగా పడుకో.

ఈసారి నవ్వను. ఒట్టు.