తెలియనిదానికి ఒక పేజీ

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికైనా వెక్కిళ్లు పట్టుకుని ఆగడం లేదని తెలిస్తే, పెద్దవాళ్లు మాట ఆపేసి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మాది ఉద్దానంలో, కంచిలికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. కొబ్బరి తోట దాటితే జీడితోట, అది దాటితే మళ్లీ కొబ్బరి తోట. బయటి నుంచి వచ్చినవాళ్లు మీ ఊరు ఎంత చల్లగా ఉందో అని మెచ్చుకునేవారు. ఆ చల్లదనంలోనే మనుషులు ఒక్కొక్కరుగా కాళ్లు వాచి, అన్నం సహించక, రంగు మారిపోయి మంచం పట్టేవారు. ఆఖర్న ఆ వెక్కిళ్లు మొదలయ్యేవి. విశాఖపట్నం తీసుకెళ్తే కిడ్నీలు పాడయ్యాయని చెప్పేవారు. ఎందుకు పాడయ్యాయో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ జబ్బు మా ఇంటికి వచ్చింది. మా నాన్న మాకున్న కాస్త తోట చూసుకుంటూ, ఊళ్లోవాళ్ల చెట్లెక్కి కాయలు దించేవాడు. కాళ్ల వాపు కనబడకుండా కొన్నాళ్లు పంచె కిందికి దించి కట్టుకుని తిరిగాడు. ఒక రోజు అమ్మ ఆయన పాదం మీద వేలు పెట్టి నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆ రోజుల్లోనే ఊరి పెద్దలంతా కలిసి ఒక అర్జీ రాయించి టెక్కలిలో ఒక ఆఫీసుకు వెళ్లారు. నాన్న కూడా వెళ్తానన్నాడు. ఆయనకు తోడుగా నన్ను పంపారు. పక్కింటి అక్క కూడా మాతో వచ్చింది. అక్క పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసేది. వాళ్ల నాన్న అంతకుముందు ఏడాదే ఈ జబ్బుతో పోయాడు.

ఆ అర్జీ నిండా కన్నీళ్లే. అయ్యా, మీరే మా తల్లీ తండ్రీ, మమ్మల్ని కాపాడండి అని మొదలై అలాగే ముగిసింది. ఆఫీసరు మంచివాడే. నాన్న నిలబడలేకపోవడం చూసి కుర్చీ వేయించాడు. అర్జీ పూర్తిగా చదివి, మీకేం కావాలి అని అడిగాడు. ఒకరు మంచినీళ్లన్నారు. ఇంకొకరు డాక్టరన్నారు. మరొకరు పోయినవాళ్ల ఇళ్లకు సాయమన్నారు. ఎంతమందికి జబ్బుంది, ఏయే వీధుల్లో ఉంది, ఎప్పటి నుంచి ఉంది అని ఆయన అడుగుతుంటే మావాళ్లు తలో మాటా చెప్పారు. చివరికి ఆయన ఆ కాగితం బల్ల మీద పెట్టి, “నాకు మీ బాధ అర్థమైంది. కానీ పైకి నేనేమని రాయను?” అన్నాడు. నాన్నను పట్టుకుని బస్సెక్కించాను.

మర్నాడు సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చి నాన్న మంచం పక్కన కూర్చుంది.

“మా సావుకారు కొత్త సెడ్డుకి బేంకు లోను అడిగితే ఆ రిపోర్టు నానే రాసినాను సిన్నాన్నా. జీడిపప్పు గొప్పని అందులో ఒక్క ముక్క రాయనేదు. ఏటి కావాలి, ఎందుక్కావాలి, మా కాడ ఏటున్నాది, అంతే. జీడిపప్పుకి రాసినట్టు మనుషులకెందుకు రాయకూడదు?” అంది.

నాన్న నవ్వి, రాయమన్నాడు. తనతో నన్ను పంపమని అక్క అడిగింది. ఒకరు అడుగుతూ ఒకరు రాసుకుంటే ఎదుటివాళ్ల ముఖం చూసి మాట్లాడొచ్చంది.

అలా అక్క సెలవు రోజుల్లో మేమిద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో అవే ప్రశ్నలు, అదే వరసలో. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం పని చేస్తారు, ఏ బావి నీళ్లు తాగుతారు, వాపు ఎప్పుడు కనబడింది, ఎక్కడ చూపించారు. వయసు తెలియనివాళ్లను, పెద్ద తుఫానొచ్చినప్పుడు నీకు పెళ్లయిందా, పిల్లలు పుట్టారా అని అడిగి లెక్క కట్టేది. మేం అనుకున్నది రాయకూడదు, వాళ్లన్నదే రాయాలి. ఇదొక్కటే అక్క నాకు పెట్టిన నియమం. వినడానికి తేలికగానే అనిపించింది.

ఒక ఇంట్లో ముసలమ్మ గుమ్మంలో కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తోంది. కొడుకు పోయి ఎంతో కాలం కాలేదు. నేను పెన్ను తీయగానే, “రాసుకుపోయి ఏటి సేత్తారే? రాత్తే నా కొడుకు లేసొత్తాడేటి?” అంది. నాకు భయమేసింది. అక్క నా చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టేసింది. ముసలమ్మ పక్కన కూర్చుని, ఒక ఆకు అందుకుని తనూ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుని, ఏమీ రాయకుండానే లేచి వచ్చేశాం. ఒక పూటంతా వృథా అయిందని నేను దారిలో సణిగాను. తర్వాత ఒక రోజు ఆ వీధిలో వెళ్తుంటే ముసలమ్మే మమ్మల్ని కేకేసి పిలిచింది. కొడుకు గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఆవిడ ఆగినప్పుడల్లా నేనూ ఆగాను.

తిరగడం పూర్తయ్యాక రాయడం మొదలైంది. మొదటి పేజీలో మేం కోరేది, తర్వాత మేం చూసింది, ఆ తర్వాత మేం విన్నది. నాకు బాగా నమ్మకం కలిగిన సంగతి ఒకటుంది. అందరూ అదే అంటున్నారు కూడా. అందుకని చూసింది అన్నచోట, బావుల నీళ్లలో విషం ఉంది, దానివల్లే మా మనుషులు చనిపోతున్నారు అని రాశాను. అక్క చదివి, “సూసినావా?” అంది.

“అందరూ అదే అంతన్నారు కదక్కా.”

“అలాగైతే అంతన్నారని రాయి. ఇన్నదాంట్లో రాయి.”

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో మనిషి కళ్లెదుటే కరిగిపోతుంటే ఈమెకు మాటల పట్టింపేమిటని అరిచాను. మీ నాన్న పోయినా నీకు నొప్పి లేదా అని కూడా అనేశాను. అక్క ముఖం ఎర్రబడింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. “నీళ్లేనని రాసేత్తామే. రేపు నీళ్లు బాగానే ఉన్నాయని తేలితే? అప్పుడు మిగతాదంతా అబద్ధమనేత్తారు. మనం సూసిన సావులు కూడా అబద్ధమైపోతాయి,” అంది. అని, ఒక కొత్త కాగితం తీసి పైన ‘మాకు తెలియనిది’ అని రాసింది. దాని కింద, ఈ జబ్బు ఎందుకు వస్తోందో మాకు తెలియదు అని రాసింది. ఆ కాగితాన్ని ఇటు తిప్పి, దాని మీద ఇంకేమైనా రాయాలా అని నన్ను అడిగింది. నేను నా వాక్యం కొట్టేసి, దాన్ని విన్నదాంట్లో రాశాను.

అన్ని ఇళ్లూ అయ్యాయి, మా ఇల్లు తప్ప. అక్క గుమ్మం దాకా వచ్చి, నాన్నను నువ్వే అడగాలి అని బయట అరుగు మీద కూర్చుండిపోయింది. నాన్న ఆ సరికి బాగా నీరసించాడు. నేను మంచం పక్కన కూర్చుని, అన్ని ఇళ్లల్లో అడిగినట్టే, ఇంట్లో ఎవరెవరున్నారు అని మొదలుపెట్టాను. ఆయన నవ్వలేదు. నేను ఎవరో పెద్ద ఉద్యోగినన్నట్టు, లేచి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య, ఒక కూతురు, ఒక కొడుకు అని చెప్పాడు. వాపు ఎప్పుడు కనబడిందని అడిగితే, అమ్మ పనిలో ఉందేమోనని ఒకసారి వంటింటి వైపు చూశాడు. “మీయమ్మ సూసినప్పటికి శానా ముందే. నిరుడు కోతలప్పుడే. సెప్పనేదు,” అన్నాడు గొంతు తగ్గించి. నేను రాయలేకపోయాను. “రాసుకో అమ్మా, నిజమే కదా,” అన్నాడు. రాసుకున్నాను. చివర్లో ఆయనే, కారణం దగ్గర ఏం రాస్తావని అడిగాడు. తెలియదని రాస్తున్నామన్నాను. “అదే రాయి. నా పేరు మీద అబద్ధం వొద్దు,” అన్నాడు.

అక్క పలాసలో టైపు కొట్టించి కార్బన్ కాపీలు తెచ్చింది. టెక్కలికి ఈసారి అక్కా నేనూ ఇద్దరమే వెళ్లాం. ఆఫీసరు మొదటి పేజీ చదివి తలెత్తి మమ్మల్ని చూశాడు. ఊళ్లో అందరికీ రక్తపరీక్షలు చేయాలి, బావుల నీళ్లు పరీక్షించాలి, తేలిందేమిటో మాకు చెప్పాలి. మేం కోరింది ఇంతే. ఆయన పేజీలన్నీ తిరగేసి, చివరి కాగితం దగ్గర ఆగి, “తెలియదని ఎవరైనా ఇలా రాసిస్తారా?” అన్నాడు.

“అది తెలుసుకోడానికే కదండీ, మీకాడికొచ్చినాం,” అంది అక్క.

ఆయన మా ఎదురుగానే సంతకం చేసి పైకి పంపుతున్నానన్నాడు. ఆ రోజు బస్సులో అక్క నాకు జంతికలు కొనిపెట్టింది. నాన్న బతికినట్టే అనుకున్నాను.

వానలు వెళ్లాక నిజంగానే మనుషులు వచ్చారు. వీధిలో బల్ల వేసుకుని అందరి రక్తం తీసుకున్నారు. ఒక్కో బావి నీళ్లు ఒక్కో సీసాలో పట్టుకుని పేర్లు అంటించి తీసుకెళ్లారు. ఊరంతా ఎదురుచూసింది. ఫలితం రాలేదు. అక్క సెలవు దొరికినప్పుడల్లా టెక్కలి వెళ్లి అడిగేది. కొన్నాళ్లకు ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. కొత్తాయన, పాత కాగితాలు వెతికించాలి అన్నాడు. మళ్లీ ఒక కాపీ ఇవ్వమన్నాడు.

జీడిచెట్లు పూతకొచ్చినప్పుడు నాన్న పోయాడు. చివరి రోజుల్లో వెక్కిళ్లు ఆగేవి కావు. మేం చేయగలిగిందల్లా ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచడమే.

కర్మలన్నీ అయ్యాక అక్క వచ్చి మా గుమ్మంలో నిలబడింది. ఎందుకు తిరిగాం, ఎందుకు రాశాం, ఏం లాభం అని అడిగాను. ఏదో ఓదార్పు చెబుతుందనుకున్నాను. “నాకూ తెల్దే,” అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి ముఖం తుడుచుకుని, కొత్తాయనకు ఇవ్వాల్సిన కాపీలో కొన్ని పేర్లు మార్చాలని మెల్లగా చెప్పింది. బతికున్నవాళ్ల పేజీ నుంచి పోయినవాళ్ల పేజీలోకి. ఆ పని తను చేస్తానంది. వద్దు, మా నాన్న పేరు నేనే రాస్తానన్నాను. రాశాను. కారణం అన్నచోట ఆయన చెప్పినట్టే, తెలియదు అని రాశాను.

తర్వాత నేను డిగ్రీ చదివాను. ఒక సేవాసంస్థలో నివేదికలు, ప్రతిపాదనలు రాసే పనిలో చేరి జుట్టు నెరిసేదాకా అదే చేశాను. నీళ్ల కోసం రాశాను, మందుల కోసం రాశాను, రోగులు ఆసుపత్రికి వెళ్లే బండి కోసం రాశాను. కొన్నిటికి జవాబొచ్చింది, చాలావాటికి రాలేదు. ఇప్పుడు ఊళ్లోకి ఎక్కడి నుంచో కుళాయి నీళ్లు వస్తున్నాయి. రక్తం శుద్ధి చేసే యంత్రాలు దగ్గర్లోకే వచ్చాయి. అవి నా కాగితాల వల్ల వచ్చాయని చెప్పలేను, అలా అనుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. జబ్బు ఎందుకొస్తోందో పెద్ద పెద్దవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

కొత్తగా చేరిన పిల్లలు తమ నివేదికలు నాకు చూపించడానికి తెస్తుంటారు. నేను ముందు వెతికేది తెలియనిదానికి చోటు ఉంచారా లేదా అన్నది. అది లేకపోతే మిగతాది ఎంత బాగా రాసినా తిప్పి ఇచ్చేస్తాను. వాళ్లకు నేను ముసలి చాదస్తంలా కనిపిస్తానని నాకు తెలుసు.

మొన్న మా తమ్ముడికి పరీక్షలు చేయించాం. డాక్టరు చెప్పకముందే, కాగితం చూడగానే అదే జబ్బని నాకు అర్థమైంది. ఇంటికి తిరిగొస్తుంటే ఆటోలో వాడు, “మన ఇంటికే ఎందుకే అక్కా?” అని అడిగాడు. ఇన్నేళ్లలో ‘తెలియదు’ అని ఎన్ని కాగితాల మీద రాశానో, ఎక్కడా నా చెయ్యి తడబడలేదు. వాడి ముఖం చూసి అదే పైకి చెప్పడం అంత తేలిక కాలేదు. అయినా అబద్ధం చెప్పలేదు. తెలియదనే చెప్పి, వాడి వీపు మీద చెయ్యి వేశాను.