దక్షిణం తలుపు దర్జీ

అమీర్‌పేటలో పర్శరాములు కుట్టుదుకాణానికి ఒకటే తలుపు. అది దక్షిణానికి. వెనకా పక్కలా పరాయి గోడలే కాబట్టి ఆ తలుపు మూస్తే దుకాణమే లేదు. సిరిసిల్లలో మగ్గం అమ్ముకుని వచ్చిన మనిషికి ఆ చోటు దొరికింది కూడా ఆ దిక్కు వల్లే. ఇంకెవరూ తీసుకోలేదు.

చిరుగులు, పాత చొక్కాలు వచ్చేవి. పెళ్లిబట్టలు మాత్రం పంజాగుట్ట దర్జీ దగ్గరికి పోయేవి. యముడి దిక్కు చూసే దుకాణంలో పెళ్లిరవిక ఎవరు కుట్టిస్తారు? ఈ పెళ్లిళ్లకూ పని రాకపోతే సిరిసిల్లకే పోదామని భార్య కాంతవ్వ తేల్చి చెప్పింది.

యుద్ధం రోజులవి. బేగంపేట వైపు నుంచి అప్పుడప్పుడూ వచ్చే ఒక తెల్ల సిపాయి ఆ రోజు బొత్తాలు కుట్టించుకోవడానికి వచ్చాడు. ఎప్పుడూ వెంట వచ్చే స్నేహితుడు ఏడని పర్శరాములు అడిగాడు. సిపాయి తల వంచుకుని ఇంగ్లీషులో ఒక ముక్క అన్నాడు. కబుర్లకని అక్కడ కూర్చున్న నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కనుక నేనే చెప్పాను.

"పడమరకు పోయిండంట. అంటే సచ్చిపోయిండు. వాళ్లు గట్లనే అంటరు."

పొద్దు గుంకే దిక్కు కనుక ఆ మాట పుట్టిందని కొందరు రాశారు. లండన్‌లో ఉరికంబం పడమటి వైపు ఉండేదనీ, దోషులను బండిలో అటే తీసుకుపోయేవారనీ మరికొందరు రాశారు. ఏదీ తేలలేదు. పొద్దున్నే చిరాకుపడేవాణ్ణి మనం ఎవరి మొఖం చూసి లేచావంటాం. ఇంగ్లీషువాళ్లు మంచానికి ఏ పక్క నుంచి దిగావంటారు. ఎడమ పక్క దిగితే కీడని పాత నమ్మకమట. లోకాన్ని ఏలేవాళ్లకూ మనపాటి భయాలే.

పర్శరాములు సూది ఆపి సిపాయిని ఉర్దూలో అడిగాడు.

"సాబ్, మీరుండే బారక్ దర్వాజ ఏ దిక్కు?"

సిపాయి వచ్చీరాని ఉర్దూలో, పడమటికేనని నవ్వాడు.

"మరి మూసెయ్యలేదా?"

"మూస్తే లోపలికి ఎట్లా పోవాలి?"

కొన్నాళ్లకు, ఎప్పుడూ చిరుగులు కుట్టించుకునే చంద్రమ్మ తన కూతురు చిలకమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చిలకమ్మకు పెళ్లి కుదిరింది. చంద్రమ్మ రోడ్డు మీదే ఆగి బట్టలమూట చాచింది.

"అన్నా, జర బయటికొచ్చి అందుకో. పంజాగుట్టాయన తీరిక లేదన్నడు."

"లోపలికి రా చెల్లె. బల్ల మీద పెట్టు."

"శుభమాని పెండ్లి పెట్టుకుని గా గడప ఎట్ల తొక్కాలె?"

"చినిగిన చీర తెచ్చిననాడు తొక్కినవు గద! అప్పుడు యముడు పండుకున్నడా?"

"వచ్చిన పనిని కాలదన్నుకుంటవా? పోయి తీస్కో!" లోపలి నుంచి కాంతవ్వ అరిచింది.

"ఇయ్యాల రోడ్డు మీద తీస్కుంటే రేపు అందరు రోడ్డు మీదనే ఇస్తరు. గడప తొక్కితేనే కుడత."

చంద్రమ్మ మూట చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. చిలకమ్మ ఆ మూట లాక్కుంది.

"పాత రవికతోని పీటల మీద కూసోవాల్నా నేను?" అంటూ గడప దాటి, కొలత రవికను బల్ల మీద పరిచింది. "మామా, చేతులు జర పొడుగు పెట్టు. అంచు పచ్చది."

చంద్రమ్మ చాలాసేపు రోడ్డు మీదే నిలబడింది. చివరికి ఆగలేక లోపలికొచ్చింది.

"పచ్చ కాదే, ఎర్రది!"