రెండు చేతుల తీర్మానం

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ రోజుల్లో నాకు ప్రతి మనిషీ ఏదో దాస్తున్నట్టే కనిపించేవాడు. మనుషులంతా పాపులేనని సండే స్కూల్లో నేర్చుకున్నాను. దానికి సాక్ష్యం ఎలా సేకరించాలో లా కాలేజీలో నేర్చుకున్నాను. ఈ రెండు చదువులూ ఒకే బుర్రలో చేరితే ఏమవుతుందో మా ఇంట్లోవాళ్ళని అడగాలి. (పాలవాడు "ఇవాళ గేదె సరిగ్గా ఇవ్వలేదండి" అంటే "నువ్వు తప్ప చూసినవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగానట. మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.)

అమలాపురంలో ఒక పెద్ద వకీలు గారి దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలోనే మా దొడ్డమ్మ కేసు వచ్చింది. మా ఊళ్ళో కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే ఆడవాళ్ళకి ఒక సహకార సంఘం ఉంది. పీచు తీసే మిషను పాడైపోయి షెడ్డులో పరదా కింద పడి ఉంటే, వీళ్ళంతా అరచేతులు పొక్కిపోయేలా కర్రలతో కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసుకుంటున్నారు. ఆ మిషను బాగుచేయిస్తానని దొడ్డమ్మ డైరెక్టరు పదవికి నామినేషను వేసింది. అది చెల్లదన్నారు. పోటీచేసేవాళ్ళు పదో తరగతి పాసై ఉండాలని సంఘం మహాజన సభలో బైలా సవరించుకున్నారట, అదీ ఏకగ్రీవంగా. దొడ్డమ్మ చదివింది మూడో తరగతి.

"బైబిల్లో వాక్యం చదవడానికి సరిపోయిన చదువు మిషను బాగుచేయించడానికి సరిపోదంటే ఎలా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అయినా ఆ మీటింగులో నేనూ ఉన్నానే అమ్మాయ్. ఇలాంటిదొకటి నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

నా అనుమానం ముందుగా సంఘం ప్రెసిడెంటు గారి మీద వాలింది. ఆవిడ వరసకి నాకు అత్తయ్య. చర్చిలో మైకు ఒకసారి చేతికొస్తే మళ్ళీ వదలరు కనక ఊరంతా మైకత్తయ్య అంటారు. సభ జరిగింది చర్చి హాల్లోనే, దాన్ని ప్రార్థనతో ప్రారంభించింది మా పాస్టరు అయ్యగారే. కాబట్టి తర్వాతి అనుమానం ఆయన మీద. ఆ తర్వాత మా సీనియర్ గారి మీద. (అవతలి వకీలుని "బావగారూ" అని పిలవడం నా చెవులారా విన్నాను.) ఆదివారం ఆరాధనలో అందరూ కళ్ళు మూసుకుంటే, నేను ఒక కన్ను తెరిచి మైకత్తయ్య ముఖంలో నేరం కోసం వెతికేదాన్ని. దేవుడు నన్ను చూస్తున్నాడని తెలుసు. కానీ ఆయన మా పార్టీయేనని నా ధీమా.

ఒక ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఆవిణ్ణి పట్టుకున్నాను.

"వందనాలు అత్తయ్యా. ఆ సవరణ సభలో చదివేరా?"

"చదవకపోవడమేంటమ్మా? అయ్యగారి ప్రార్థన అవ్వగానే మైకులో చదివేను. అప్పుడే ఉప్మా పొట్లాలొచ్చేయి, ఎవరూ వినిపించుకోలేదు. అది నా తప్పా?"

"మరి ఓటు?"

"హాలంతా చేతులెత్తేరు. ఫోటో కూడా ఉంది, ఆయ్!"

ఆ చివరి "ఆయ్"లో నాకు రకరకాల మోసాలు వినిపించాయి.

సహకార శాఖ అధికారి దగ్గర మేం వేసిన పిటిషనుకి జవాబుగా వాళ్ళు ఆ ఫోటోనే పెట్టారు. నిజంగానే హాలు నిండా చేతులు. కిందికున్న చెయ్యి ఒక్కటీ లేదు. "మార్ఫింగ్ సార్!" అన్నాను. సీనియర్ గారు కళ్ళజోడు తీసి నా వైపు జాలిగా చూశారు. "ఇన్ని చేతులు అతికించే ఓపిక ఎవరికుందమ్మా? ఫోటో నిజమే. సరిగ్గా చూడు."

చేతుల్ని తడిమి నమ్మి మోసపోయి, చూపు ఆనని తండ్రి ఒకాయన పెద్దకొడుకు దీవెన చిన్నకొడుక్కి ఇచ్చేసిన బైబిలు కథ సండే స్కూల్లో పిల్లలకి చెప్పేది నేనే. అందుకని చేతులొదిలేసి ముఖాలు చూశాను. ఫోన్లో పెద్దది చేసి చూస్తే అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. మళ్ళీ చేతులు చూస్తే ఎవరూ ఒక చెయ్యి ఎత్తలేదు, అందరూ రెండూ ఎత్తారు. ముందు వరసలో ఆకుపచ్చ చుడీదార్ పిల్ల ఒకర్తి, అందరికన్నా పైకి చేతులు చాచి, ముఖమంతా తడిపేసుకుని ఏడుస్తోంది. ఎవరా అని ఇంకా పెద్దది చేశాను. నేనే! ఆ రోజు దొడ్డమ్మని దింపడానికి వెళ్ళి, ప్రార్థనకి ఆగి, ఆమేన్ అనగానే బస్సుకి పరిగెత్తాను. (నేను ఏడ్చిన ప్రార్థనలన్నీ గుర్తుపెట్టుకోవడం మానవమాత్రుల వల్ల కాదు.)

విచారణ రోజు అధికారి ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఇది మీరేనాండీ?"

"నేనేనండి."

"సంఘంలో మెంబరా?"

"కాదండి."

"మరి చేతులెందుకెత్తేరు?"

"ప్రభువుని స్తుతించడానికండి. ఓటుకైతే ఒక్క చెయ్యి చాలండి."

మైకత్తయ్య లేచారు. "రెండు చేతులూ ఎత్తితే రెట్టింపు ఒప్పుకున్నట్టు కదండీ!"

గదిలో అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వాపుకుని, "సరేనమ్మా, సవరణ చదివాక ఎత్తిన చేతుల ఫోటో ఉందా?" అని అడిగారు.

"అప్పుడెలా ఎత్తుతారండీ? అందరి చేతుల్లోనూ ఉప్మా ఉంది కదా!"

వాళ్ళ వకీలు నుదురు పట్టుకుని కూర్చుండిపోయారు. సవరణ చెల్లదని ఉత్తర్వు వచ్చింది. దొడ్డమ్మ పోటీచేసి గెలిచింది. మైకత్తయ్య కావాలనే చేశారా, లేక ఆ చేతులు చూసి సంబరపడిపోయి ఏకగ్రీవమనుకున్నారా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

మిషను బాగుచేసే కంపెనీతో ఒప్పందం రాసుకునే రోజు దొడ్డమ్మ నన్ను రమ్మంది. వెళ్ళి చూద్దును కదా, కాగితాలు చదవడానికి మైకత్తయ్యని పిలిపించి కూర్చోబెట్టింది.

"ఆవిడేంటి దొడ్డమ్మా? ఒకటుంటే ఇంకోటి చదివితే?" అని చెవిలో గొణిగాను.

"అంత స్పష్టంగా చదివేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరున్నారే? ఆవిడకి దేవుడు గొంతు వరమిచ్చేడు. నీకు అనుమానం వరమిచ్చేడు. నువ్వు పక్కన కూర్చో."

బైబిల్లో చెప్పిన వరాల్లో అనుమానం అనేది ఎక్కడా లేదని అనుకుంటూనే కుర్చీ లాక్కున్నాను. మైకత్తయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఈ నల్లకోటు పిల్ల పక్కనే కూర్చుని, ప్రతి మాట కిందా వేలు పెట్టి, ఊపిరి బిగపట్టి సరిచూసింది. చివరి పేజీ దాకా ఒక్క అక్షరం తేడా రాలేదు. దేవుడి ఎదుట అబద్ధమెందుకు, ఆ పిల్ల కాస్త నిరాశపడింది.