గ్లౌజు తియ్యకుండా నొక్కు

హుల్దాకి కోపం ఎక్కువ. లాబ్రడార్ తీరంలో కాంగిలిక్ అనే ఆ ఊళ్ళో నాలుగు వందల మంది ఉంటే, నాలుగు వందల మందికీ ఆ సంగతి తెలుసు. బడి వంటగదిలో ఆవిడ సూపు గిన్నె మీద మూత పెట్టే చప్పుడు విని, ఇవాళ మాట్లాడొచ్చో మాట్లాడకూడదో టీచర్లు తేల్చుకునేవాళ్ళు.

పన్నెండో ఏట తండ్రి జకరియస్ కుక్కల బండి పగ్గాలు ఆవిడ చేతికిచ్చాడు. మంచుబండ్లు వచ్చాక ఇంజను విప్పి మళ్ళీ బిగించడం తనంతట తానే నేర్చుకుంది. దారి తప్పినవాళ్ళని వెతికే దళంలో ముప్పై ఏళ్ళుగా ఉన్న ఆడమనిషి ఆవిడొక్కతే. ఊళ్ళో సగం మంది వేసుకునే సీల్ జంతువు తోలు గ్లౌజులు ఆవిడ కుట్టినవే. అరవై ఒకటో ఏట కూడా సూదిలో దారం కళ్ళజోడు లేకుండానే ఎక్కించేది.

భర్త ఈనోక్ నెమ్మదస్తుడు. తొమ్మిదేళ్ళ కిందట, మార్చి నెలలో, గడ్డకట్టిన అఖాతం మీదుగా దాని చివరికి కట్టెలకని వెళ్ళి గాలివానలాంటి మంచులో చిక్కుకున్నాడు. చేతిలో జీపీఎస్ ఉంది గాని అది నల్లగా మూగబోయింది. కట్టెల బండిని అడ్డం పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాడు. దళం వాళ్ళు కనిపెట్టేసరికి ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. కుడిచేతి నాలుగు వేళ్ళూ, రెండు కాళ్ళ వేళ్ళూ పోయాయి. అప్పటినుంచి కిటికీ దగ్గర కూర్చుని ఎడంచేత్తో రాతి బొమ్మలు చెక్కుతుంటాడు.

ఆ జనవరిలో ఓ గురువారం మధ్యాహ్నం, బడి వంటగదిలో రేడియో మోగుతోంది. ఊరి రేడియోలో మాట్లాడే సబీనా హుషారుగా చెప్తోంది.

"వేటకీ కట్టెలకీ పోయేవాళ్ళు ఇక బెంగపడక్కర్లేదు. మన కౌన్సిల్ ఆఫీసు ఎనిమిది కొత్త జీపీఎస్‌లు తెప్పించింది. పెద్ద తెర, రంగుల మ్యాపు. ఫోనులాగే, వేలితో అలా తాకితే చాలట!"

హుల్దా చేతిలో గరిటె ఆగిపోయింది. "వేలితో తాకితే చాలా?" అంది పొయ్యి వంక చూస్తూ. "ఎవడి వేలు?"

గరిటె అక్కడే పడేసి, ఏప్రను కూడా విప్పకుండా కోటు తగిలించుకుని బయటపడింది. బయట మైనస్ ఇరవై ఎనిమిది. కౌన్సిల్ ఆఫీసు దాకా బండి ఎక్కకుండా నడిచే వెళ్ళింది. కాస్త చల్లబడదామని నడిచిందిగాని, అడుగడుగుకీ అరికాలి మంట నెత్తికెక్కింది తప్ప దిగలేదు.

ఆఫీసులో మేనేజర్ వెస్లీ ఉన్నాడు. దక్షిణాది పట్నం నుంచి వచ్చి మూడేళ్ళయింది. మంచివాడే, కాని చలికాలంలో ఊరి పొలిమేర దాటి ఎరగడు. పక్కనే హుల్దా తమ్ముడు గిడియన్ కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు. వెతికే దళానికి వాడే నాయకుడు. టేబిలు మీద ఎనిమిది పెట్టెలున్నాయి. మూడు విప్పి ఉన్నాయి.

"రండి హుల్దా గారూ. చూశారా, ఎంత బాగున్నాయో!" అన్నాడు వెస్లీ.

"ఎవరు ఏరారు వీటిని?"

"కంపెనీ మనిషి నమూనా చూపించాడు. గిడియన్ గారు సరేనన్నారు."

హుల్దా తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు సరేనన్నావా? దళంలో ఎవరినైనా అడిగావా?"

"అక్కా, మొదలుపెట్టకు. కొత్తవి వచ్చాయని సంతోషించాల్సింది పోయి..."

"వెస్లీ బాబూ, ఒకటి పట్టుకో. కోటేసుకో. గ్లౌజులు కూడా. అవి కాదు, ఆ పల్చటివి కాదు. ఇవి." తన తోలు గ్లౌజులు తీసి అతని ఒళ్ళో పడేసింది. "బయటికి నడు."

వెస్లీ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. ముగ్గురూ మెట్ల మీదకొచ్చారు. పక్కనే ఉన్న కొట్టుకి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు ఏం జరుగుతోందా అని ఆగారు.

"ఇప్పుడు నువ్వు అఖాతం మధ్యలో ఉన్నావు. గాలి కొడుతోంది. బండి ముక్కు కూడా కనపడట్లేదు. నువ్వున్నచోటు గుర్తు పెట్టుకో. నొక్కు."

వెస్లీ గ్లౌజు వేలితో తెర మీద నొక్కాడు. కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. మ్యాపు ఎటో జారిపోయి, ఎక్కడో సముద్రం నడిమధ్యకి పోయింది. పళ్ళతో గ్లౌజు అంచు పట్టి లాగబోయాడు.

"ఆఁ! గ్లౌజు తియ్యకుండా నొక్కు."

"తియ్యకపోతే పనిచెయ్యదండీ ఇది."

"తీస్తే నీ వేలు పనిచెయ్యదు. ఏది కావాలో తేల్చుకో."

చూస్తున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. వెస్లీకి చెవులు ఎర్రబడ్డాయి. చలికో సిగ్గుకో తెలీదు. హుల్దా ఆ యంత్రాన్ని లాక్కుని మెట్ల పక్క కటకటాల మీద పెట్టింది. "ఉండనీ. చూద్దాం ఎంతసేపు బతుకుతుందో."

అందరూ నిలబడ్డారు. బయటికి తెచ్చినప్పుడు సగం వరకూ నిండి ఉన్న బ్యాటరీ గీత సన్నబడుతూ వచ్చింది. ఇరవై నిమిషాలు కాకుండానే తెర ఒకసారి మెరిసి నల్లబడింది.

"చలిలో అంతేనండీ," అన్నాడు వెస్లీ, పళ్ళు కొట్టుకుంటుంటే. "కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోవాలని పుస్తకంలో ఉంది."

"కోటు లోపల పెట్టుకుంటే దారి ఎవరికి చూపిస్తుందయ్యా? నా చంకకా?"

ఈసారి అందరూ పకపకా నవ్వారు. గిడియన్ మాత్రం నవ్వలేదు. ఊరందరి ముందూ అక్క తనని దద్దమ్మని చేసిందని వాడికి మండింది.

"చాల్లే అక్కా! యంత్రం తప్పేం లేదు. వాడేవాడికి బుద్ధుండాలి. బావ ఆ రోజు ఛార్జింగు పెట్టుకోకుండా పోయాడని ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నిటి మీదా పడి ఏడిస్తే ఎలా?"

నవ్వులు ఆగిపోయాయి. హుల్దా నోరు తెరిచింది. మాట రాలేదు. ముప్పై ఏళ్ళలో ఆవిడకి మాట రాకపోవడం ఆ ఊరు చూడలేదు. వెస్లీ చేతిలోంచి గ్లౌజులు లాక్కుని వెనక్కి తిరిగి నడిచింది.

ఛార్జింగు పెట్టుకోలేదన్న మాట ఎలా పుట్టిందో ఆవిడకి తెలుసు. ఈనోక్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో, పాపం మర్చిపోయుంటాడు అన్నారు. ఇంకొకరు అవునన్నారు. వారం తిరిగేసరికి అదే నిజమైపోయింది. హుల్దా అవునననూ లేదు, కాదననూ లేదు.

నిజం ఏమిటంటే, ఆ యంత్రాన్ని రాత్రంతా ఛార్జింగులో పెట్టింది హుల్దానే. పొద్దున తీగ పీకిందీ ఆవిడే. దాన్ని కొన్నదీ ఆవిడే, ఈనోక్ పుట్టినరోజుకని, సామాన్ల బొమ్మల పుస్తకంలో ఆ రంగుల తెర చూసి ముచ్చటపడి. అంతకుముందు ఈనోక్ దగ్గర ఒక పాతది ఉండేది. చిన్న బూడిదరంగు తెర, అరిగిపోయిన లావుపాటి బటన్లు, వెనక మార్చుకునే బ్యాటరీలు. ఆ రోజు పొద్దున అతను దాన్నే జేబులో వేసుకున్నాడు. హుల్దా జేబులో చెయ్యి పెట్టి తీసేసింది. "ఈ ఇటుకని ఇంకెన్నాళ్ళు మోస్తావు? నేను కొన్నది ముట్టుకోకూడదా?" అంది. అతను నవ్వి కొత్తది తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఈనోక్ కిటికీ దగ్గర రాయి అరగదీస్తున్నాడు. హుల్దా బూట్లయినా విప్పకుండా ఎదురుగా నిలబడింది.

"ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఏంటి?"

"తొమ్మిదేళ్ళు! అందరూ నిన్ను మతిమరుపు మాలోకం అంటుంటే నవ్వుతూ కూర్చున్నావు. అది నా పని అని ఒక్కడికైనా ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వేళ్ళు మొలుస్తాయా?"

"వెటకారాలాడకు! నువ్వు పెద్ద మంచివాడివైపోయి నన్ను దొంగని చేశావు. ఇవాళ గిడియన్ గాడు అందరిముందూ ఆ మాటంటే నా నోరు పడిపోయింది. నీ వల్ల!"

ఈనోక్ ఆకురాయి కింద పెట్టాడు. అతని మొహంలో అలాంటి రంగు హుల్దా ఎప్పుడూ చూడలేదు.

"నా వల్లా?" అన్నాడు. "నువ్వు చెప్తావని చూశాను హుల్దా. మొదటి ఏడాది రోజూ చూశాను. ఎవరింటికెళ్ళినా, ఎవరు మనింటికొచ్చినా, ఇవాళ చెప్తుందేమో అనుకునేవాణ్ణి. నువ్వు కొన్నావని నాకు కోపం లేదు. వాళ్ళు నన్ను చూసి జాలిపడి నవ్వుతుంటే, నువ్వు పక్కనే కూర్చుని టీ పోస్తూ ఉన్నావు చూడు, దానికి వచ్చింది కోపం. తర్వాత ఎదురుచూడటం మానేశాను. ఇప్పుడొచ్చి నా మీద అరుస్తున్నావా?"

అతను లేచి, వేళ్ళు లేని పాదాల మీద తూలుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ ఇంట్లో తలుపు గట్టిగా వేసే హక్కు హుల్దా ఒక్కదానిదే అన్నట్టు ఉండేది. ఆవిడ కోటుతోనే కుర్చీలో కూలబడింది. ఎవరి మీద అరవాలో తెలియని కోపం ఆవిడకి అంతకుముందు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలకి సూపు పోసేసి, నేరుగా రేడియో గదికి వెళ్ళింది. సబీనా పుట్టినరోజు శుభాకాంక్షలు చదువుతోంది.

"మైకు ఇటియ్యి," అంది హుల్దా.

"హుల్దా అత్తా, ఇంకా చేపల వార్తలున్నాయి..."

"చేపలు ఎక్కడికీ పోవు."

మైకు ముందు కూర్చున్నాక గొంతు వణికింది. ఆ వణుకు మీద కూడా ఆవిడకి కోపం వచ్చింది. దాంతో మాటలు దూసుకొచ్చాయి.

"నేను హుల్దాని. నా మొగుడు ఈనోక్ ఛార్జింగు పెట్టడం మర్చిపోలేదు. ఎవరన్నారో వాళ్ళంతా వినండి. ఛార్జింగు నిండుగా ఉంది. నేనే పెట్టాను. ఆయన పాతది తీసుకెళ్తానంటే జేబులోంచి లాగేసి ఆ మెరుపు సామాను చేతిలో పెట్టింది నేనే. అది చలికి చచ్చిపోయింది. తెర మీద నొక్కడానికి ఆయన గ్లౌజు తీశాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ తీశాడు. వేళ్ళు అలా పోయాయి. మీరంతా ఆయన్ని చూసి నవ్వుతుంటే నేను నోరు మూసుకున్నాను. సిగ్గుపడాల్సింది నేను. ఇప్పుడు ఆఫీసువాళ్ళు మళ్ళీ అవే తెచ్చారు. వినండి. బటన్లున్నదే కొనండి, గ్లౌజుతో నొక్కితే నొక్కుడు పడేది. బ్యాటరీ బయటికి తీసి కొత్తది వేసుకునేదై ఉండాలి. అందులో చలిని తట్టుకునే లిథియం బ్యాటరీలు వెయ్యండి, రెండు జతలు లోపలి జేబులో పెట్టుకోండి. ఇంకోటి. ఇంటికి గీత గీసి చూపిస్తుంది చూశారూ, తిన్నగా, ఆ గీత వెంట పోకండి. దానికి పలచ మంచు తెలీదు. కింద నీళ్ళు ఉరికే చోటు మీద నుంచి కూడా తిన్నగానే గీస్తుంది ముండది. వచ్చిన జాడ దాచుకునేది కొనండి. వచ్చిన జాడనే వెనక్కి రండి. గిడియన్, నువ్వు వింటున్నావని నాకు తెలుసు. నీ బావకి క్షమాపణ చెప్పు. నాకు కాదు. నేను దానికి తగను. ఆయనకి."

మైకు సబీనా వైపు తోసేసి వెళ్ళిపోయింది. సబీనా చేపల వార్తలు చదవలేదు.

సోమవారం పొద్దున వెస్లీ కంపెనీకి ఫోను చేశాడు. విప్పినవి వెనక్కి తీసుకునేది లేదన్నారట. విప్పని అయిదింటికి బదులు బటన్లవి పంపడానికి ఒప్పుకున్నారు. మిగిలిన మూడూ వేసవిలో పడవల మీదకి పనికొస్తాయని అలమారలో పెట్టారు. కొత్తవి విమానంలో వచ్చిన రోజు అతనే హుల్దాకి కబురు చేశాడు. ఆవిడ వచ్చేసరికి అయిదూ మెట్ల కటకటాల మీద వరసగా పెట్టి, తోలు గ్లౌజులు వేసుకుని, వణుకుతూ నిలబడి ఉన్నాడు. గంట తర్వాత కూడా నాలుగు పనిచేస్తున్నాయి. అయిదోదాన్ని ఆవిడ తిరగేసి చూసింది.

"ఇందులో ఎవడయ్యా మామూలు బ్యాటరీలు వేసింది?"

"నేనే," అన్నాడు వెస్లీ.

ఆ తిట్లు కొట్టు దాకా వినిపించాయి.

గిడియన్ మూడు వారాలు వాళ్ళ గడప తొక్కలేదు. నాలుగో ఆదివారం, చర్చి వదిలాక వచ్చాడు. టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"బావా, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

"ఏ రోజు?" అన్నాడు ఈనోక్. "తొమ్మిదేళ్ళలో చాలాసార్లు అన్నావు. ఒక్కసారికి చెప్తున్నావా, అన్నిటికీ కలిపా?"

గిడియన్ మొహం పాలిపోయింది. "అన్నిటికీ," అన్నాడు.

"అయితే కూర్చో."

హుల్దా టీ పోసింది. ఎండు చేప ముక్కలు కూడా పెట్టింది, ప్లేటు ఠపీమని. తమ్ముడు రెండో ముక్క తీసుకుంటుంటే ఆవిడ చూపు చూసి వాడు మూడోది ముట్టుకోలేదు.

భార్యాభర్తల మధ్య అంత తేలిగ్గా కుదరలేదు. ఈనోక్ ఆవిడతో మాట్లాడేవాడు, అయితే అవసరమైనవే. రేడియోలో చెప్పినందుకు అతను మెచ్చుకోలేదు. "ఇన్నాళ్ళకి!" అని మాత్రం ఒకసారి అన్నాడు.

మార్చి మధ్యలో ఒక పొద్దున అతను ఆఫీసుకి వెళ్ళి, పుస్తకంలో సంతకం పెట్టి, బటన్లున్నది ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని తాడుతో మెడలో వేసుకుని, కుడిచేతి బొటనవేలితో గ్లౌజు మీంచే నొక్కి చూసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది హుల్దా.

"మంచులో తవ్విన చేపల గుంటల దగ్గరికి. అరగంట దారి."

"ఒక్కడివేనా?"

"ఒక్కడినే."

ఆవిడ పిచ్చికోపంతో బ్యాటరీలు రెండు జతలు తెచ్చి అతని లోపలి జేబులో కుక్కింది. జేబు గుండీ తానే పెట్టింది. వద్దని మాత్రం అనలేదు. బండి చప్పుడు కొండ మలుపు దాకా వినిపించి ఆగిపోయింది. ఆ రోజు బడిలో సూపు మాడిపోయింది. టీచర్లు దాన్నే తాగి వెళ్ళారు.

నాలుగింటికి వస్తానన్నవాడు నాలుగూ నలభైకి వచ్చాడు, రెండు చేపలతో, మీసాల నిండా మంచుతో. హుల్దా వాకిట్లోనే ఉంది.

"నలభై నిమిషాలు!" అని అరిచింది. "నీకు గడియారం కూడా నేనే కొనివ్వాలా?"

"వద్దు బాబోయ్," అన్నాడు ఈనోక్ బండి దిగుతూ. "నువ్వు ఇంకేం కొనకు."

రెండు నెలల తర్వాత అతను ఆవిడతో ఆడిన మొదటి వెటకారం అది. హుల్దా చేపలు లాక్కుని, తిడుతూనే లోపలికి నడిచింది.