ఉన్ని మిల్లు పొగగొట్టం

ఆస్ట్రేలియాలోని మా జీలాంగ్‌ ఊరికి కొత్తగా ఎవరొచ్చినా ఇండియన్ షాపుకి నేను చెప్పే దారి ఒకటే: "సిటీలో బస్సు దిగి, పాత ఉన్ని మిల్లు పొగగొట్టం దగ్గర ఎడమకు తిరగండి." వీధుల పేర్లు చెబితే మనవాళ్లకు గుర్తుండవు కదా.

ఈ రోజు మా పిన్ని మొదటిసారి ఒంటరిగా కరివేపాకు కొనడానికి బయల్దేరింది. కాసేపటికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నీ గొట్టం ఎక్కడే?"

"తలెత్తి చూడు పిన్నీ, ఊరంతటికీ కనబడుతుంది."

"మెడ పట్టేసేదాకా చూశాను. ఆకాశం తప్ప ఏమీ లేదే!"

కారు తీసుకుని పరిగెత్తాను. గొట్టాన్ని కూల్చేశారు, కంచె వెనకాల ఇటుకల కుప్పే ఉంది. కంచె పట్టుకుని ఇక్కడి పెద్దావిడ ఒకామె ఏడుస్తోంది. ఇంగ్లీషు రాని మా పిన్ని ఆవిడ వీపు నిమురుతోంది. వయసులో ఉండగా తాను ఆ మిల్లులో దుప్పట్లు నేశానని ఆవిడ నాతో చెప్పింది.

అక్కడ దుప్పట్లు నేసేవారని నాకు ఈ రోజే తెలిసింది. ఇన్నేళ్లూ ఆ గొట్టం దగ్గర తిరగమని అందరికీ చెప్పానే గాని, నేనొక్కసారీ అక్కడ ఆగలేదు.

మీ ఊళ్లో మీరు దారికి గుర్తుగా చెప్పే పాత కట్టడం ఏది? అందులో ఏం చేసేవారో మీకు తెలుసా?