నేను కోసిన టేపు

సర్కారు రేడియోలో నా చేతికిచ్చిన పనిముట్టు గడ్డం గీసుకునే బ్లేడు. రికార్డు చేసుకొచ్చిన టేపులో అక్కర్లేని మాటలు కోసేసి, మిగిలిన ముక్కలు అతికించాలి. అతుకు చెవికి తెలియకూడదు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని అరవైలలో నాకు మహా పొగరు.

ఒక తుఫాను తర్వాత అల్లూరు అవతల సముద్రపొడ్డున ఉన్న జాలరి పల్లె పట్టపుపాలేనికి పోయాం. ఊళ్లో ఒక్క పడవ మిగల్లేదు. రేడియోలో గోడు చెప్పడానికి కులపెద్దలు చేపలమ్ముకునే ఒక ముండమోపిని పంపారు. భయం లేని నోరని. గాలి హోరుకు మైకు పనిచెయ్యక, బడిగదిలో తలుపులు మూసి మాట్లాడించాం. లోపల ఆమె, నేను, మా పై అధికారి, అంతే.

“సర్కారు మాకు పడవలిచ్చింది, కాదనం. అయ్యి మా ఒడ్డుకి రాలా. ప్రెసిడెంటు బామ్మర్దులు ఎత్తకపోయినారు. మా బిడ్డలు పస్తులుండారు. ఈ మేలు సచ్చిందాకా మర్సిపోం నాయనా!”

ఆ చివరి దెప్పుకు నేను పగలబడి నవ్వాను కూడా.

పంచాయతీ ప్రెసిడెంటు పాలక పార్టీ మనిషి. ఆఫీసులో మా అధికారి టేపు మళ్లీ విని, “మనకు జీతమిచ్చేదెవరయ్యా, నీ బాబా? సర్కారు కూడు తింటూ సర్కారునే తిట్టిస్తావా? కొయ్యి” అన్నాడు. కోశాను. “సర్కారు మాకు పడవలిచ్చింది. ఈ మేలు సచ్చిందాకా మర్సిపోం నాయనా!” అన్నది మిగిలింది. భేష్ అన్నాడాయన. సిగ్గులేని వెధవను, పొంగిపోయాను.

పంచాయతీ రేడియో ముందు పాలెమంతా కూర్చుని ఆ మాట విన్నది. గొంతు ఆమెదే. మాటను కోసి అతికించవచ్చని అక్కడ ఎవరికి తెలుసు? ప్రెసిడెంటుకు అమ్ముడుపోయిందన్నారు. దురాయి వేశారు. అంటే కులపెద్దల కట్టడి: ఆమెతో ఎవరూ పలకకూడదు, పొయ్యిలోకి నిప్పివ్వకూడదు, అమ్ముకోవడానికి ఒక్క చేపైనా వెయ్యకూడదు. తప్పినవాళ్లకూ అదే శిక్ష.

కొన్ని నెలలకు మళ్లీ అదే ఊరికి పోయాం. ఆమె నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. నా చొక్కా పట్టుకుని పెద్దల ముందుకు ఈడ్చుకుపోయింది.

“ఈ అబ్బయ్య ముందరే చెప్పినా. చెప్పు నాయనా, నేను ప్రెసిడెంటును తిట్టినానా లేదా? నీకు పుణ్యముంటది.”

ఆ కులపెద్దలకు పైవాడు పెద్దకాపు నాకేసి చూశాడు. “మీరొక్క మాట చెప్పండి సామీ. ఇప్పుడే దురాయి ఎత్తేస్తాం.”

జీపు దగ్గర మా అధికారి, ప్రెసిడెంటు పక్కపక్కన నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

“రేడియోలో వచ్చిందే ఆమె చెప్పింది” అన్నాను.

ఆమె చెయ్యి నా చొక్కా మీదనుంచి జారిపోయింది. పెద్దల ముందు అబద్ధమాడినందుకు పాలెం విడిచిపొమ్మన్నారు.

“యాడికి పోవాల?” అని ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరూ పలకలేదు. ఆఖరుకు నా వైపు తిరిగింది. “యాడికి పోవాల నాయనా?”

“మీరు పలకబాకండి సామీ, దురాయి” అన్నాడు పక్కనున్నాయన.

హమ్మయ్య అనుకున్నాను.