మా నాన్న రాసిన చీటీ

మా నాన్న ఆర్‌ఎంపీ. రెంటచింతల అవతల మా ఊళ్లో, చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో జ్వరమొచ్చినా, కాలు బెణికినా, బిడ్డకు విరేచనాలు పట్టుకున్నా జనం మొదట వచ్చేది ఆయన దగ్గరికే. ఎంబీబీఎస్ చదవలేదు. గురజాలలో ఒక డాక్టరు దగ్గర పదేళ్లు కాంపౌండరుగా చేసి నేర్చుకున్న వైద్యం ఆయనది. ఊళ్లో నన్ను చిన్నప్పటి నుంచీ డాక్టరు గారమ్మాయి అనే పిలిచేవాళ్లు. మెడికల్ కాలేజీలో చేరాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న ఏం చేస్తారని అడిగితే వ్యవసాయం అనేదాన్ని. మాకు ఎకరంన్నర మిరప చేను ఉంది కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

వార్డుల్లో మేం రోగాల కంటే ముందు నేర్చుకున్నది ఆర్‌ఎంపీని తిట్టడం. ఎవరూ పాఠంలా చెప్పలేదు, సీనియర్లను చూసి అలవర్చుకున్నాం. పల్లె నుంచి పేషెంటు రాగానే "సూది ఎవరు పొడిచారు?" అని అడగాలి, జవాబు వినగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాలి. ఆ నవ్వుతో సగం డాక్టర్లమైపోయినట్టు ఉండేది. మొదట్లో నేను పక్కకు తిరిగేదాన్ని. హౌస్ సర్జన్‌ని అయ్యేసరికి అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. మా అమ్మ వయసు వాళ్లను గద్దించడం కూడా అప్పుడే అలవాటైంది. దానికి ఆత్మవిశ్వాసం అని పేరు పెట్టుకున్నాను.

హౌస్ సర్జన్సీలో కొన్ని వారాలు నన్ను పల్నాడులోనే ఒక ఆసుపత్రిలో వేశారు. మా ఊరివాళ్లు ఎవరైనా గుర్తుపడతారేమోనని మాస్కు తీసేదాన్ని కాదు. మాస్కు ఏం దాస్తుంది? ఒక పొద్దున మా పక్కింటి పెద్దమ్మ ఓపీలోకి వచ్చింది, పెదనాన్నను భుజానికి ఆనించుకుని. చుట్టాలం కాదు, వరస కలిపి పిలుచుకుంటాం. పత్తి మోడు గుచ్చుకుని ఆయన కాలు మోకాలి దాకా వాచిపోయింది. నన్ను చూడగానే పెద్దమ్మ ముఖం వెలిగింది.

"ఏమే, నువ్వు ఈడున్నావా! ఇంక నాకు దిగుల్లేదు" అంది.

పక్కనే మా సీనియర్ డాక్టరు ఉన్నారు. నేను తల ఎత్తకుండా, "ఏమ్మా, వాపు వచ్చి ఎన్ని రోజులైంది?" అన్నాను.

పెద్దమ్మ నన్నూ సీనియర్‌నూ మార్చి మార్చి చూసింది. తర్వాత "మూడ్రోజులైందండి" అంది. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి నన్ను అండి అంది.

కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసింది. "మా ఊరి డాక్టరు రాసిచ్చాడండి. మీకు సూపియ్యమన్నాడు."

విప్పకముందే ఆ చేతిరాత గుర్తుపట్టాను. సీనియర్ చెయ్యి చాచబోయారు. "ఆర్‌ఎంపీ చీటీ సార్. మూడు రోజులు వీళ్లే సూదులు పొడిచి, ముదిరాక మన మీదికి తోస్తారు" అని నవ్వుతూ, చదవకుండానే బల్ల కింద బుట్టలో పడేశాను. ఆయనా నవ్వి లోపలికి వెళ్లారు. గండం గడిచిందనుకున్నాను.

పెదనాన్నను చేర్చుకుని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశాను. దాన్ని నరంలోకి ఎక్కించే ముందు ఒక చుక్క చర్మంలోకి ఇచ్చి, ఒంటికి పడుతుందో లేదో చూడాలి. నర్సు అడిగింది కూడా, "టెస్ట్ డోస్ చెయ్యనా మేడం?" అని.

"అక్కర్లేదు. ఆర్‌ఎంపీ ఈపాటికి ఇదే పొడిచి ఉంటాడు" అన్నాను.

పల్లెల్లో దేనికైనా ఆ సూదే వేస్తారని మా అందరికీ గట్టి నమ్మకం. ఏ మందైనా పడదా అని పెదనాన్నను ఒక్క మాట అడగలేదు.

ఐదు నిమిషాల్లో ఆయన ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. ఊపిరి అందక మంచం పట్టీ పట్టుకుని లేవబోయాడు. సీనియర్ పరుగున వచ్చి అడ్రినలిన్ ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. నేను సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డాను. ఎంత సేపటికో ఆయన ఊపిరి కుదుటపడింది.

"ఈ మందు పడదని ముందే చెప్పొద్దా?" అని సీనియర్ పెద్దమ్మ మీద విరుచుకుపడ్డారు.

పెద్దమ్మ గుప్పిట్లో ఆ చీటీ ఉంది. బుట్టలోంచి ఎప్పుడు ఏరుకుందో నేను చూడలేదు. నా వంక చూసింది. "మాకేం తెలుసయ్యా, సదువులేనోళ్లం" అని గుప్పిలి కొంగులో దాచుకుంది.

వరండాలో ఆమె దగ్గర తీసుకుని చదివాను. పోయినేడు ఇదే మందుకు దద్దుర్లు, పెదవుల వాపు వచ్చాయని రాశాడు నాన్న. మందు పేరు కింద రెండు గీతలు. ఈసారి జ్వరం బిళ్ల తప్ప ఇంకేమీ ఇవ్వలేదని, సూది అసలు వెయ్యలేదని, దయచేసి చూడగలరని.

"మీ నాన్నకు నేను సెప్పన్లేవే" అంది పెద్దమ్మ. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

పెదనాన్నను చూడడానికి మధ్యాహ్నం బస్సుకు నాన్న వచ్చాడు. వార్డులో నన్ను చూసి ఆగి, నా పక్కన సీనియర్‌ని చూసి, ఇద్దరికీ కలిపి నమస్కారం పెట్టి, పేషెంటును పంపింది తనేనని చెప్పాడు.

"నువ్వేనా ఆర్‌ఎంపీవి? ఈయనకు ఈ మందు ఎప్పుడైనా ఇచ్చావా?" అన్నారు సీనియర్.

"పోయినేడు ఇచ్చానండి. పళ్లేదు. దద్దుర్లు వచ్చినయ్."

"మరి నువ్వు పంపిన చీటీలో ఆ ఒక్క ముక్క రాయడానికి ఏమొచ్చింది?"

నాన్న పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. తర్వాత నా వైపు చూశాడు. చీటీ నా కోటు జేబులో ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. నోరు పెగల్లేదని రాయబోయాను, అది కూడా అబద్ధమే. నోరు బాగానే ఉంది, నేనే తెరవలేదు.

"పొరపాటైందండి. రాయాల్సింది. తప్పు నాదే" అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని.

"మీలాంటి వాళ్ల వల్లేనయ్యా జనం చచ్చేది" అన్నారు సీనియర్. నాన్న తలూపాడు. టెస్ట్ డోస్ సంగతి ఎవరూ అడగలేదు. ఆర్‌ఎంపీ దొరికాక ఇంకెవరినీ వెతకక్కర్లేదు.

వెళ్తూ నా దగ్గర ఆగాడు. "పేషెంటును కాస్త చూసుకోండి మేడం" అన్నాడు.

జరిగిందంతా కేస్ షీటులో ఎక్కించమని సీనియర్ నాకు చెప్పారు. మందు పడదన్న విషయాన్ని, పేషెంటును పంపిన ఆర్‌ఎంపీ తెలియజేయలేదని ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాశాను. కింద నా పేరు ముందు డాక్టర్ అని పెట్టి సంతకం చేశాను.